గోడమీది సాలీడు

నాకప్పుడు పదియేండ్ల ప్రాయము. నవరాత్రులు సమీపించుచుండెను. మా కిన్వట్ ప్రాంతమున నవరాత్రులనగా మాహూరు కొండపై వెలసిన రేణుకామాత దర్శనమునకు పోవు జనులతో దారులన్నియు నిండియుండు దినములు. పండుగకు ముందు ఇల్లు దులిపి, అలికి, ముగ్గులు పెట్టుట మా యింటి ఆచారము. మా అవ్వ పొడవైన వెదురు గడ కొనకు పాత చీపురును బిగించి బూజుకర్రను సిద్ధము చేసెడిది. ఆమె క్రింద నిలిచి చూపుచుండ, నేను దూలముల సందులలోని బూజునంతయు దులిపెడివాడను. కర్ర చివర బూజుతోపాటు చిన్న చిన్న సాలీళ్ళు చుట్టుకొని వచ్చెడివి. వానిని నేలమీద విదిలించి కాలితో త్రొక్కుట కూడ నా పనిలో భాగమే యని నేను తలచియుంటిని.

ఆ సంవత్సరము బూజు దులిపిన మూడవనాడు మా చెల్లెలి ముంజేతిమీద ఎర్రని పొక్కులు లేచినవి. అవ్వ దానిని వెలుతురులోనికి పిలిచి, చేయి త్రిప్పి చూచి, "సాలెపురుగు పారిందే బిడ్డా!" అని తీర్పు చెప్పినది. వేపాకును, పసుపును నూరి పట్టించినది. చెల్లెలు రాత్రియంతయు చేయి గోకికొనుచు ఏడ్చెను. అది చూచి నాకు పట్టరాని కోపము వచ్చెను. మరునాటి ఉదయము చెప్పు చేతబట్టుకొని, గోడలమీదను, కిటికీల మూలలయందును కనబడిన సాలీళ్ళనెల్ల కొట్టి చంపితిని. పదునొకండు అని లెక్క పెట్టుకొంటిని. చెల్లెలికి న్యాయము చేసితినని గర్వపడితిని.

నాలుగు దినములు గడచెను. పొక్కులు తగ్గలేదు. చీము పట్టినవి, ఒడలు వెచ్చబడెను. నాయన పనిమీద పొరుగూరికి పోయియుండెను. కావున అవ్వయు నేనును చెల్లెలిని వెంటబెట్టుకొని వైద్యుని కడకు పోయితిమి. ఆ వైద్యుడు పుణె వైపునుండి క్రొత్తగా వచ్చినవాడు. ఆయనకు తెలుగు రాదు. అవ్వకు బజారులో కూరగాయలు బేరమాడుటకు చాలినంత మరాఠీయే వచ్చును. కావున దుబాసీ పని నాకు దక్కెను. అవ్వ చెప్పినదంతయు విని, పుండును పరిశీలించి, ఆయన నవ్వుచు, "కోళ్యానే కాహీ కేలే నాహీ, ఆజీ" అనెను.

నేను అంతవరకు "కోళీ" యను మాటను పైన్‌గంగలో వల వేయువారిని గూర్చియే వినియుంటిని. అందుచేత ఏమాత్రమును సంశయింపక, "బెస్తాయన ఏం చేయలేదంట, అవ్వా" అని చెప్పితిని.

అవ్వ నావైపు వింతగా చూచి, "బెస్తాయన మనింటికెందుకొస్తడురా? నేను సాలెపురుగు అన్న గద!" అనినది.

మా మాటల ధోరణిని బట్టి పొరపాటును గ్రహించి, వైద్యుడు కిటికీ మూల వ్రేలాడుచున్న ఒక చిన్న సాలీడును వ్రేలితో చూపి, "కోళీ" యని మరల పలికెను. మరాఠీలో జాలరికిని, సాలీడుకును పేరొక్కటియే యని నాకా దినమున తెలిసెను. మాసిన గోళ్ళతో గోకుటచేత చర్మమునకు చీము పట్టినదే గాని, ఇందు సాలీడు చేసిన పాపమేమియు లేదని ఆయన విడమరచి చెప్పెను. పుండు కడిగి, మందిచ్చి, గోళ్ళు కత్తిరింపుమని చెప్పెను. వారము తిరుగకమునుపే పుండు మానినది. మేము వచ్చుచుండగా ఆయన నన్ను నిలిపి, "సాలీడు కరచుట నీవు చూచితివా?" అని అడిగెను. చూడలేదంటిని. "చూడనిదానికి శిక్ష ఎట్లు వేసితివి?" అనెను. పదునొకండింటి సంగతి చెల్లెలు ఆయనకెప్పుడు చెప్పినదో నాకు తెలియదు.

ఆ ప్రశ్న నన్ను విడువలేదు. చంపినదానిని బ్రతికించుట నా వశము కాదు. బ్రతికియున్నదానిని చూచుట మాత్రము నా వశమై యుండెను. కావున చూడ మొదలిడితిని. అప్పటినుండి ఇప్పటివరకు చూచినదియు, పెద్దల గ్రంథములవలన తెలిసికొన్నదియు ఇందు వ్రాయుచున్నాను.

ముందుగా చెప్పవలసినది, సాలెపురుగు పురుగు కాదు. చీమ, ఈగ, తేనెటీగ మొదలగు కీటకములకు కాళ్ళు ఆరు, సాలీడుకు ఎనిమిది. కీటకముల శరీరమున తల, రొమ్ము, కడుపు అని మూడు భాగములుండును. సాలీడుకు తలయు రొమ్మును కలిసిన ముందుభాగము, కడుపు అని రెండే. దానికి రెక్కలు లేవు, మీసములు లేవు. తేలును, పేలవలె పశువులను పట్టు గోమారియు దానికి దాయాదులు. దాని రక్తమున మనకువలె ఇనుము గాక రాగి కలదు. కావున గాలి సోకినప్పుడది నీలి ఛాయను పొందును. సాలీళ్ళ జాతులను లెక్కించు పట్టిక స్విట్జర్లాండు దేశమున బెర్న్ నగరపు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో నిర్వహింపబడుచున్నది. 2022లో ఆ పట్టికలోని జాతుల సంఖ్య 50,000కు చేరెను. మన దేశపు సాలీళ్ళను గూర్చి పోకాక్ 1900లో ఒక గ్రంథమును, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన టికాదర్ 1987లో మరియొక గ్రంథమును ప్రకటించిరి.

నేను మొదట పరిచయము చేసికొన్నది గోడమీద గంతులు వేయు చిన్న సాలీడును. దానిని మీరందరును చూచియుందురు. కందిగింజకంటె కొంచెము పెద్దది, బూడిద రంగుది, ఒడలంతయు సన్నని నూగు. అది గూడు కట్టి వేటకై కాచుకొని కూర్చుండదు. పిల్లివలె పొంచి, మెల్లమెల్లగా సమీపించి, ఈగపైకి దుముకును. దుముకుటకు ముందు తన దారపుకొనను గోడకంటించుట ఎన్నడును మరవదు. గురి తప్పి జారినను ఆ దారము పట్టుకొని మరల పైకి ప్రాకును. బావిలోనికి దిగువాడు నడుమునకు త్రాడు కట్టుకొనుటవంటిదే ఇదియు.

దాని ముఖమున ముందువైపు రెండు పెద్ద కండ్లు మోటారుబండి దీపములవలె మెరయుచుండును. మిగిలిన ఆరు కండ్లు తలచుట్టు అమరియుండును. ప్రక్కలను, వెనుకను కదలిన దానిని చిన్న కండ్లు పసిగట్టును. వెంటనే అది గిరుక్కున తిరిగి, పెద్ద కండ్లతో తేరిపార చూచును. నేను వ్రేలిని కుడికి కదపినచో కుడికి, ఎడమకు కదపినచో ఎడమకు తిరిగి అది నన్ను చూచెడిది. ఇంతవరకు నేను దానిని చూచుచున్నాననుకొంటిని గాని, అదియు నన్ను చూచుచున్నదని గ్రహించిన క్షణమున నాకు చెప్పు చేతబట్టిన ఉదయము జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగెను.

అంత చిన్న ప్రాణి అంత దూరము దుముకుట యెట్లు? మనము కాలిని ముడుచుటకును, చాచుటకును వేర్వేరు కండరములు కలవు. సాలీడు కాలిలో ముఖ్యమైన కీళ్ళను ముడుచుటకు కండరములు కలవు గాని, చాచుటకు లేవు. శరీరములోని ద్రవమును ఒత్తిడితో కాలిలోనికి పంపి, అది కాలిని చాచును. నీరు నిండిన రబ్బరు గొట్టము బిగిసి నిలుచుటవంటిదే యిది. చచ్చిన సాలీడు కాళ్ళన్నియు లోపలికి ముడుచుకొనియుండుట మీరు చూచియుందురు. ప్రాణము పోయిన పిమ్మట ఆ ఒత్తిడి యుండదు. కావున కాళ్ళు ముడుచుకొనిపోవును. నేలమీద పడియున్న నా పదునొకండును అట్లే ముడుచుకొనియుండెను.

ఈ గంతులిడు సాలీళ్ళను గూర్చి 2022లో జర్మనీ దేశమున డానియేలా రోస్లర్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును ఒక విచిత్రమును ప్రకటించిరి. పిల్ల సాలీళ్ళ ఒడలు కొంతకాలము పారదర్శకముగా నుండును. కావున లోపలి కంటిగొట్టముల కదలికలు బయటికి కనబడును. రాత్రి దారముపై వ్రేలాడుచు విశ్రమించు పిల్ల సాలీళ్ళలో, నిద్రించు మనుష్యుని కనుగ్రుడ్లవలె, అవి అప్పుడప్పుడు కదలుచుండుటను, అదే సమయమున కాళ్ళు ఉలికిపడుటను వారు చూచిరి. మనుష్యులలో అట్టి కదలికలు స్వప్నకాలమున కలుగును. సాలీడు కలలు కనునని ఇంతమాత్రమున చెప్పరాదు. కాని కందిగింజంత ప్రాణికి మనవంటి నిద్ర యుండవచ్చునను తలంపే నాకు చాలును.

ఇక మూలలయందు బూజు కట్టు సాలీడు వేరు. దాని కడుపు చిన్నది, కాళ్ళు మాత్రము వెంట్రుకలవలె సన్నగా, మిక్కిలి పొడవుగా నుండును. తల క్రిందుగా వ్రేలాడుచుండును. ముట్టినచో ఒడలంతటిని వేగముగా ఊపి, కంటికి మసకబారునట్లు చేసి శత్రువును భ్రమింపజేయును. తల్లి తన గ్రుడ్లను కొన్ని పోగులతో మూటగట్టి, నోట కరచుకొనియే తిరుగును. మన యింటి దోమలను, చిన్న పురుగులను అది తినును. అవ్వ చూపగా నేను దులిపిన బూజులో అట్టి తల్లులు ఎన్ని యుండెనో!

దీని దారము సంగతియు చెప్పవలెను. సాలీడు కడుపులోని గ్రంథులయందు దారము ద్రవరూపమున నుండును. కడుపు చివరనున్న చిన్న మొటిమలవంటి అవయవములగుండ దానిని లాగినకొలదియు అది గట్టిపడి దారమగును. ఒకే సాలీడు వేర్వేరు పనులకు వేర్వేరు దారములు తీయును: నడచు దారికి ఒకటి, గ్రుడ్ల మూటకు ఒకటి, వేటను చుట్టుటకు మరియొకటి. చక్రమువంటి వల కట్టు సాలీళ్ళనేకములు పాతబడిన వలను తామే తిని, ఆ పదార్థముతోనే క్రొత్తవలను అల్లును. పొదుపును మనకు నేర్పుటకు దానికి అర్హత కలదు.

మా నాయన చేనిలో నేను చూచినది మరియొక విధమైన సాలీడు. అది వల కట్టక నేలమీద పరుగెత్తి వేటాడును. పత్తిచేల నెర్రెలలోను, వరి దుబ్బుల మొదళ్ళలోను తిరుగును. తల్లి గ్రుడ్లను గుండ్రని మూటగా కట్టి, కడుపు చివర తగిలించుకొని ఈడ్చుకొనుచు తిరుగును. గ్రుడ్లు పగులుకాలము రాగానే మూట నోటితో చింపి, పిల్లలకు దారి చేయును. ఆవగింజకంటె చిన్నవైన పిల్లలన్నియు తల్లి వీపుపైకెక్కి, ఒకదానిపైనొకటి కూర్చుండి, కొన్ని దినములు అట్లే ప్రయాణము చేయును. మా నాయన ఒకనాడు నాగలి నిలిపి నాకు దానిని చూపెను. "గుట్టకు పోయే తల్లి తీరుగున్నది చూడు" అనెను. మాహూరు దారిలో బిడ్డను వీపున కట్టుకొని నడచు తల్లులను మేము అప్పటికి వారము క్రిందటనే చూచియుంటిమి.

ఈ సాలీళ్ళు పైరును తిను పురుగులను తినును. వరిలో దోమపోటు కలిగించు పురుగులకు ఇవి గొప్ప శత్రువులు. పురుగులమందు విచక్షణ లేక చల్లినచో, ముందుగా ఈ కావలివారే చత్తురు. పిదప పురుగులు మునుపటికంటె ఎక్కువగా వృద్ధియగును. ఇండోనేషియా దేశమున ఇట్టి అనుభవము కలిగిన పిమ్మట, 1986లో ఆ దేశపు ప్రభుత్వము వరిచేలయందు 57 విధముల పురుగుమందుల వాడకమును నిషేధించెను. సేద్యము చేయు తలిదండ్రులు ఈ సంగతిని ఆలోచింపవలెనని నా మనవి.

మా ఊరివెలుపల ముండ్లకంపలపై మాసిన దూది పింజవంటి గూళ్ళు కనబడును. చిన్నతనమున వానిని గాలికి చిక్కిన చెత్తయని తలచితిని. పరిశీలించి చూడగా అది ఒక పల్లె. దక్కనులో కానవచ్చు ఈ సాలీడుకు స్టెగోడైఫస్ సారసినోరమ్ అని శాస్త్రనామము. దాని పొడవు శనగగింజంతకు మించదు. ఒకే గూటిలో పదులకొలది, ఒక్కొక్కప్పుడు వందలకొలది కలిసి నివసించును. సాధారణముగా సాలీళ్ళు ఒకదానినొకటి సహింపవు, ఎదురుపడినచో తినివేయును. 50,000 జాతులలో ఇట్లు కలకాలము కలిసి బ్రతుకునవి ఇరువది, ఇరువదియైదు జాతులు మాత్రమే. వాని దారమునకు జిగురు లేదు. వెనుక కాళ్ళమీది దువ్వెనవంటి రోమములతో దువ్వి, ఉన్నివలె నురగలెత్తిన పోగులు తీయును. అందు పురుగుల కాళ్ళు చిక్కుపడును. తమకంటె పెద్దదైన మిడుత పడినను పదిమంది కలిసి లోనికి లాగుకొందురన్నట్లు, అవియు కలిసి దానిని లాగికొని పంచుకొని తినును. ఆంధ్రప్రదేశములోని కుప్పము ప్రాంతమున శాస్త్రజ్ఞులు ఈ జాతిపై అనేక పరిశోధనలు చేసిరి.

ఈ జాతి తల్లి చరిత్రను చెప్పుటకు నా కలము కొంచెము ఆగుచున్నది. పిల్లలు పుట్టిన పిమ్మట ఆమె తాను తిన్న ఆహారమును ద్రవముగా మార్చి, నోటినుండి వారికి అందించును. క్రమక్రమముగా తన లోపలి అవయవములే కరగి ఆ ద్రవమగును. కడపట పిల్లలు ఆమె శరీరమునే ఆహారముగా గొని పెరుగుదురు. ఆమె పారిపోదు. దీనిని క్రూరమనవలెనో, త్యాగమనవలెనో నేను నిర్ణయింపజాలను. అవి మన మాటలు, సాలీడువి కావు. కాని ఆ గూటిని కర్రతో పొడిచి ఆడుకొను పిల్లలను చూచినప్పుడు మాత్రము ఊరకుండలేను.

చలికాలపు ఉదయములయందు పొలము గట్లపై గడ్డిపరకలనుండి సన్నని పోగులు ఎండలో మెరయుచు గాలిలో తేలుట మీరెరుగుదురు. అది పిల్ల సాలీళ్ళ విమానయానము. పిల్ల గడ్డికొన కెక్కి, కాళ్ళ మునివ్రేళ్ళపై నిలిచినట్లు లేచి, కడుపును పైకెత్తి, పోగులను గాలిలోనికి విడుచును. వానితోపాటు తానును ఎగిరిపోవును. 1832లో చార్లెస్ డార్విన్ బీగిల్ అను ఓడపై ప్రయాణించుచుండగా, దక్షిణ అమెరికా తీరమునకు 60 మైళ్ళ దూరమున, సముద్రమధ్యమున, వేలకొలది చిన్న సాలీళ్ళు ఓడ త్రాళ్ళపై వాలినవి. గాలి లేకున్నను, ఆకాశములోని విద్యుత్తు సోకినంతనే అవి లేవగలవని 2018లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున ఎరికా మార్లీ, డానియల్ రాబర్ట్ అనువారు నిరూపించిరి. 1883 ఆగస్టులో క్రాకటోవా ద్వీపము అగ్నిపర్వతపు ప్రేలుడుచే కాలి బూడిదయయ్యెను. తొమ్మిది నెలలకు, 1884 మేలో, అక్కడికి పోయిన ఫ్రెంచివారికి ఆ బూడిదలో కనబడిన ప్రాణి ఒక్కటియే: కంటికి ఆననంత చిన్న సాలీడు. అది అప్పటికే వల అల్లుచుండెను. తినుటకు పురుగు లేని చోట అది వల అల్లుచుండెనను మాటను నేను పలుమారులు తలచుకొందును.

కొలంబియా దేశపు పాటు డిగువా అను సాలీడులో మగదాని పొడవు 0.37 మిల్లీమీటరు మాత్రమే; ఆవగింజలో మూడవ వంతైనను లేదు. అంత శరీరమున మెదడెక్కడ ఇముడును? 2011లో పనామా దేశమున పరిశోధకులు మిక్కిలి చిన్న సాలీళ్ళను పరీక్షించి, నాడీమండలము శరీరపు లోపలి చోటులో దాదాపు నూటికి 80 వంతులు ఆక్రమించి, కాళ్ళలోనికి కూడ వ్యాపించియున్నదని కనుగొనిరి. చిన్నది గనుక అల్పబుద్ధి యనుకొనుటకు వీలులేదు. అది యించుమించు బుద్ధితోనే నిండియున్నది.

ఇప్పుడు మరల పేరు సంగతికి వచ్చెదను. సాలె యనగా నేతగాడు. తెలుగువాడు ఈ ప్రాణియందు మగ్గమును చూచెను. మరాఠీవాడు దీనియందు వల వేయు జాలరిని చూచెను. సంస్కృతమున దీనిని ఊర్ణనాభమందురు. నాభియందు ఉన్ని కలదని అర్థము. మన శ్రీకాళహస్తి పేరులోని "శ్రీ" సాలీడే. అది శివునికి తన దారముతో గుడి కట్టినదని ఐతిహ్యము. ధూర్జటి కావ్యముచేత ఆ కథ తెలుగువారి ఇండ్ల నిండుకొన్నది. ఆ కథను నాకు చెప్పినది బూజుకర్ర కట్టిన మా అవ్వయే.

ఏ పేరును తప్పు కాదు, ఏ పేరును పూర్తి కాదు. వల కట్టు సాలీడుకు జాలరి పేరు తగును. ముండ్లకంపపై దువ్విన పోగు తీయుదానికి ఊర్ణనాభమను పేరు తగును. గోడమీద గంతులిడుదానికి ఈ మూడును చాలవు. దానిని పిల్లి యనవలసియుండెను. ఒక్క పేరే యెరిగినవాడు ప్రాణినంతయు ఎరిగితిననుకొనును. రెండు పేర్లెరిగినవాడు వానిలో నేది సత్యమోయని తలయెత్తి ప్రాణివైపు చూచును. 1956 నవంబరు 1 వరకు మన కిన్వట్ హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాలో నుండెను. పిదప నాందేడు జిల్లాలో చేరి, బొంబాయి రాష్ట్రమునను, 1960నుండి మహారాష్ట్రమునను భాగమయ్యెను. కావున మన పిల్లలు ఇంట నొక మాటయు, బజారున నొక మాటయు నేర్చుచున్నారు. అది భారమని చింతించు తలిదండ్రులను నేనెరుగుదును. వైద్యుని ముందర బెస్తవానిని తెచ్చి నిలిపిన నాటి నా అవమానమును నేనును మరవలేదు. కాని ఆ పొరపాటే లేకున్నచో, కిటికీ మూలనున్న సాలీడువైపు ఆ దినమున నా కండ్లు తిరిగి యుండవు.

విద్యార్థులారా! మీకొక పని చెప్పెదను. ఒక చిన్న నోటుపుస్తకము తీసికొనుడు. మీ యింటిలో ఒక సాలీడును ఎన్నుకొని, వారము దినములు అది ఎచ్చట నుండెను, ఏమి తినెను, ఎప్పుడు కదలెను అను సంగతులను తెలుగున వ్రాయుడు. దాని పేరును మరాఠీలో, ఇంట గోండీగాని, లంబాడీగాని మాటాడు మీ స్నేహితుల భాషలో అడిగి దానిప్రక్క వ్రాయుడు. రాత్రివేళ పెద్దలను తోడు తీసికొని, టార్చిని కండ్లకు సమముగా నుదుటికడ పట్టుకొని చేను గట్టుపై వెలుగు వేయుడు. నేలమీద పచ్చని చిన్న చుక్కలు మెరయును. అవి వేటాడు సాలీళ్ళ కండ్లు. దాదాపు సాలీళ్ళన్నిటికిని విషము కలదు. కాని మనుష్యునికి హాని చేయగలవి మిక్కిలి కొద్ది. అయినను చేతితో పట్టరాదు. ఒడలిమీద పుండు గాని, వాపు గాని కలిగినచో సాలీడుపై నేరము మోపి ఊరకుండక వైద్యునికి చూపవలెను.

మా అవ్వ వృద్ధురాలైన పిమ్మటను నవరాత్రులకు ముందు బూజు దులిపించుట మానలేదు. ఇల్లు శుభ్రముగా నుండవలెను గదా! కాని ఆ సంవత్సరమునుండి నేను కర్ర చివరను వాకిట గోరింట చెట్టుకడకు కొనిపోయి, ఆకులమీద మెల్లగా విదిలించెడివాడను. అవ్వ మొదట నవ్వినది. పిదప ఒకనాడు, నేను పరీక్షలకు చదువుకొనుచుండగా, ఆమెయే వణకు చేతులతో బూజుకర్రను పట్టుకొని గోరింట చెట్టువైపు నడచుచుండుట చూచితిని.